పదహారు చుక్కల పంచాయితీ

మా మేనల్లుడు ఇక్కడ విశాఖలోనే ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతున్నాడు. మొన్నొక సాయంత్రం బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ పొట్లాలు పట్టుకుని వాడూ, వాడి రూమ్మేటూ నా దగ్గరకి పంచాయితీకి వచ్చారు. చేతిలో నోట్‌బుక్‌లోంచి చింపిన రెండు కాగితాలు. ఒక్కో కాగితం మీద గుండ్రంగా 16 చుక్కలు, వాటికి 0 నుంచి 15 దాకా నంబర్లు. మొదటి కాగితంలో ప్రతి చుక్క నుంచీ 1, 2, 7 స్థానాల దూరంలో ఉన్న చుక్కలకు, ఇటూ అటూ కూడా, గీతలు గీశారు. రెండో కాగితంలో దూరాలు 2, 3, 5. రెండూ సాలెగూళ్ళలా ఉన్నాయి.

"రెండూ ఒకటే గ్రాఫ్ అండీ" అంటాడు రూమ్మేటు.

"ఒకటెలాగవుతాయి మావయ్యా? అన్ని బేసి సంఖ్యలతోటీ గుణించి చూసీసేను, కుదర్లేదు" అంటాడు మావాడు. పందెం రెండు ప్లేట్ల మిరపకాయ బజ్జీలు.

మావాడు చేసిన లెక్క తప్పు కాదు. అయినా పందెం ఓడిపోయాడు. అది ఎలాగో చెప్పాలంటే కొంచెం మొదట్నుంచి రావాలి.

గ్రాఫ్ అంటే ఇక్కడ స్టాక్ మార్కెట్ గ్రాఫ్ కాదు. కొన్ని చుక్కలు, వాటిలో కొన్ని జంటల్ని కలిపే గీతలు, అంతే. చుక్కల ముగ్గు లాంటిదే కానీ ఒక తేడా ఉంది. ముగ్గులో చుక్క ఎక్కడ పడిందన్నది ముఖ్యం, గీత వంకర పోతే అత్తగారు ఊరుకోదు. గ్రాఫ్‌లో చుక్క ఎక్కడున్నా, గీత ఎంత వంకర పోయినా ఫరవాలేదు. ఏ చుక్కకి ఏ చుక్కతో చుట్టరికం ఉందన్నదే లెక్క. చుట్టరికాలు ఏవీ తెగకుండా, కొత్తవి పుట్టకుండా మొదటి బొమ్మ చుక్కల్ని రెండో బొమ్మ చుక్కల మీద పేర్చగలిగితే రెండూ ఒకటే గ్రాఫ్. పుస్తకాల్లో దీన్నే ఐసోమార్ఫిజం అంటారు. ఒక కాగితం మీద గజిబిజిగా, ఇంకో దాని మీద పొందిగ్గా గీసినంత మాత్రాన అవి వేరైపోవు. పైకి ఒకేలా కనిపించినంత మాత్రాన ఒకటైపోవు కూడా.

ఇక గ్రూపు. తిరగేయడానికి వీలున్న పనుల సమితి అనుకోండి. రెండు పనులు వరసగా చేస్తే వచ్చేది కూడా ఆ సమితిలోనే ఉండాలి, ఏ పనికైనా దాన్ని రద్దు చేసే పని ఉండాలి, ఏమీ చేయకుండా ఊరుకోవడం కూడా ఒక పని కిందే లెక్క. అందరికీ తెలిసిన ఉదాహరణ గడియారం. 12 గంటల గడియారంలో 9 తర్వాత 5 గంటలు గడిస్తే 2. మా వాళ్ళ కాగితం మీద ఉన్నది 16 గంటల గడియారం, అక్కడ 15కి 3 కలిపితే 2 వస్తుంది.

గ్రూపు నుంచి గ్రాఫ్ తయారు చేసే పద్ధతిని ఆర్థర్ కేలీ 1878లో ఇచ్చాడు. (ఆయన పద్నాలుగేళ్ళు లాయరుగా పనిచేస్తూనే లెక్కలు చేసిన మనిషి.) గ్రూపులో ఎన్ని అంశాలుంటే అన్ని చుక్కలు పెట్టాలి. వేయదగిన అడుగుల జాబితా ఒకటి రాసుకోవాలి. ఏ చుక్క మీద నిలబడినా ఆ జాబితాలోని అడుగులే వేయాలి, అడుగు ఎక్కడ పడితే అక్కడికి గీత. మా వాళ్ళ మొదటి కాగితం జాబితా 1, 2, 7, వాటి వెనకడుగులతో సహా.

అంటే కేలీ గ్రాఫ్‌లో ఏ చుక్క దగ్గర నిలబడి చూసినా లోకం ఒకేలా కనిపిస్తుంది. మన వైజాగ్ అలాంటిది కాదు. జగదాంబ జంక్షన్‌లో నిలబడి తూర్పుకి పది అడుగులు వేస్తే ఏదో షాపు ముందు తేలతాం. బీచ్‌లో నీళ్ళ అంచున నిలబడి అవే పది అడుగులు వేస్తే అలల్లో తేలతాం. కైలాసగిరి కింద నిలబడి వేయబోతే కొండే అడ్డం. కేలీ గ్రాఫ్‌కి అంచుల్లేవు, కొండల్లేవు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒకే గ్రూపు మీద రెండు వేర్వేరు అడుగుల జాబితాలు రాస్తే రెండు గ్రాఫ్‌లు వస్తాయి. అవి ఎప్పుడు ఒకటి?

చిన్న లెక్కతో మొదలుపెడదాం. 5 చుక్కలు గుండ్రంగా పెట్టి పక్క పక్క చుక్కల్ని కలిపితే పంచభుజి. ఒక చుక్క వదిలి ఒకటి కలిపితే చెయ్యి ఎత్తకుండా పిల్లలు గీసే ఐదు మొనల నక్షత్రం. చూడ్డానికి వేరు. కానీ నక్షత్రాన్ని దారంతో చేసి విప్పదీస్తే ఐదు ముడుల గుండ్రటి దారమే మిగులుతుంది. కనక రెండూ ఒకటే. కారణం కూడా గడియారంలోనే ఉంది: ప్రతి నంబరునీ 2తో గుణించండి. 0, 1, 2, 3, 4 కాస్తా 0, 2, 4, 1, 3 అవుతాయి, 1 అనే అడుగు 2 అనే అడుగవుతుంది. గడియారం లెక్కలో ఏ రెండు చుక్కలూ ఒకచోట పడకుండా గుణించగల ఇలాంటి సంఖ్యని గుణకం అందాం. 16 గంటల గడియారానికి గుణకాలు బేసి సంఖ్యలే. 1, 2, 7 జాబితాని 3తో గుణిస్తే 3, 6, 21 వస్తాయి. 21 అంటే 5. కాబట్టి 1, 2, 7 గ్రాఫూ, 3, 5, 6 గ్రాఫూ కళ్ళు మూసుకుని ఒకటే అనేయొచ్చు.

గుణకం దొరికితే గ్రాఫ్‌లు ఒకటే, ఇందులో గొడవ లేదు. దొరక్కపోతే? 1967లో ఆండ్రాష్ ఆడామ్ అనే హంగేరియన్ గణితవేత్త ఒక ఊహ ముందు పెట్టాడు: గడియారం గ్రాఫ్‌లు రెండు ఒకటైతే వాటి మధ్య గుణకం ఉండే తీరుతుంది. మా మేనల్లుడు నమ్మింది సరిగ్గా ఇదే. నమ్మడంలో తప్పేమీ లేదు, ఎందుకంటే చిన్న చిన్న గడియారాల మీద ఎన్ని గీతలు గీసి చూసినా ఊహ నిలబడుతుంది. 16 దగ్గర కూలిపోతుంది. 1970లో ఎల్స్‌పాస్, టర్నర్ అనే ఇద్దరు దాన్ని కూల్చింది ఈ రెండు జాబితాలతోనే, 1, 2, 7 ఒకటీ, 2, 3, 5 ఒకటీ.

1, 2, 7ని ఏ బేసి సంఖ్యతో గుణించినా వచ్చేవి రెండే జాబితాలు: 1, 2, 7 లేదా 3, 5, 6. 2, 3, 5 ఎప్పటికీ రాదు. మావాడు చేసింది ఇదే, సరిగ్గానే చేశాడు. తర్వాత అనుమానం తీరక త్రిభుజాలు లెక్కపెట్టాడట. రెండింట్లోనూ 48 గీతలు, 32 త్రిభుజాలు. లెక్క సరిపోయేసరికి వాడికి టెన్షన్ మొదలై నా దగ్గరకొచ్చారు.

ఇప్పుడొక ఆట. 16 మంది పిల్లల్ని గుండ్రంగా కుర్చీల్లో కూర్చోబెట్టండి. 1, 2, 7 కాగితం ప్రకారం ఎవరికి ఎవరితో గీత ఉందో వాళ్ళిద్దరి చేతికీ ఒక ఊలు దారం ఇవ్వండి. సరి కుర్చీల్లో ఉన్న పిల్లలు కదలొద్దు. బేసి కుర్చీల్లో ఉన్నవాళ్ళు మాత్రం దారాలు వదలకుండా లేచి, నాలుగు కుర్చీలు ముందుకెళ్ళి కూర్చోవాలి. 1లో ఉన్నవాడు 5కి, 3లో వాడు 7కి, 13లో వాడు 1కి. బేసి కుర్చీలన్నీ ఎలాగూ ఖాళీ అవుతాయి కాబట్టి ఎవరూ ఎవరి ఒళ్ళోనూ కూర్చోనక్కర్లేదు.

ఎవరి చేతిలోనూ దారం మారలేదు, కనక గ్రాఫ్ అదే. ఇప్పుడు 0లో కూర్చున్న పిల్ల చేతిలో దారాలు ఎక్కడికి పోతున్నాయో చూడండి. ఇంతకుముందు 1, 15, 7, 9 కుర్చీల్లో ఉన్న బేసి వాళ్ళు ఇప్పుడు 5, 3, 11, 13లో ఉన్నారు. 2, 14లో ఉన్న సరి వాళ్ళు కదల్లేదు. అంటే 2, 3, 5 దూరాలు, ఇటూ అటూ! మిగతా పదిహేను మందికీ ఇదే పరిస్థితి. సరి వాళ్ళ మధ్య దూరం 2 అలాగే ఉంది, బేసి వాళ్ళంతా కలిసి కదిలారు కాబట్టి వాళ్ళ మధ్య కూడా 2 అలాగే ఉంది. సరికీ బేసికీ మధ్య ఉన్న దూరాలు మాత్రం 1, 7 నుంచి 3, 5కి మారాయి.

బజ్జీలు రూమ్మేటు తిన్నాడు. మావాడు మాత్రం "అయితే గుణించడమన్నది వేస్టేనా?" అని పట్టుకున్నాడు. వాడి ప్రశ్న బజ్జీల కంటే విలువైంది.

ఏం జరిగిందో గమనించారా? గుణకం అంటే మొత్తం గుంపుకి ఒకే ఆజ్ఞ. ఈ ఆటలో సరి వాళ్ళకి ఒక ఆజ్ఞ, బేసి వాళ్ళకి ఇంకో ఆజ్ఞ. గ్రాఫ్‌కి దారాలు తెగకపోతే చాలు, ఆజ్ఞలు ఎన్నన్నది దానికి అక్కర్లేదు. గ్రూపుకి అక్కర. ఈ చిక్కంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం: గ్రాఫ్‌ని ముక్కలు చేసి, ఏ ముక్కకి ఆ ముక్క విడిగా తిప్పే సందు దొరికిందా, ఇక గుణకం చేతిలో పని లేదు. సందు దొరక్కపోతే ఆడామ్ మాటే నెగ్గుతుంది.

అందుకే 17 గంటల గడియారంలో ఈ గారడీ జరగదు. 17 ప్రధాన సంఖ్య, దాన్ని సమానమైన ముక్కలుగా చేయలేం. ఇది పైపై మాటే కానీ, దీని వెనక అందమైన రుజువు ఉంది, ఎమ్మెస్సీలో అందరూ బట్టీ పట్టే సైలో సిద్ధాంతంతో. నార్వేలో నలభై ఏళ్ళపాటు స్కూలు మాస్టారుగా పనిచేసిన లుడ్విగ్ సైలో 1872లో అచ్చు వేయించిన సిద్ధాంతం అది. 17 చుక్కల గ్రాఫ్ ఏదో రెండు వేర్వేరు రకాలుగా గుండ్రటి బల్ల చుట్టూ సర్దుకుంటుంది అనుకోండి. ఒక్కో సర్దుబాటుకీ ఒక్కో తిప్పుడు ఉంటుంది, అందర్నీ ఒక కుర్చీ పక్కకి జరపడం. రెండు తిప్పుళ్ళూ ఆ గ్రాఫ్ సౌష్ఠవాలే, అంటే చుట్టరికాలు చెడకుండా చుక్కల్ని చుక్కల మీదకే పంపే మార్పులు. ఆ సౌష్ఠవాలన్నీ కలిసి మళ్ళీ ఒక గ్రూపు. దాని పరిమాణం 17 ఫాక్టోరియల్‌ని భాగించాలి. 1 నుంచి 17 దాకా గుణిస్తే అందులో 17 ఒక్కసారే వస్తుంది. అలాంటప్పుడు 17 తిప్పుళ్ళ ఉపగ్రూపులు, అంటే పెద్ద గ్రూపు లోపలి చిన్న గ్రూపులు, ఎన్ని ఉన్నా, వాటిలో ఒకదాన్ని ఇంకోదాని మీదకి తీసుకెళ్ళే సౌష్ఠవం గ్రాఫ్‌లోనే ఉండి తీరుతుందని సైలో హామీ. అంటే రెండు సర్దుబాట్లూ నిజానికి ఒకే తిప్పుడుకి రెండు వేషాలు. వేషం తీస్తే మిగిలేది గుణకం.

16 దగ్గరకొస్తే 16 ఫాక్టోరియల్‌లో 2 పదిహేనుసార్లు ఉంటుంది. సైలో హామీ ఇక్కడ చెల్లదు, రెండు తిప్పుళ్ళు ఒకదానికొకటి ముఖం చూపించుకోకుండా ఒకే గ్రాఫ్‌లో కాపురం చేయొచ్చు. మన గ్రాఫ్‌లో రెండో తిప్పుడు కావాలంటే సరి వాళ్ళని 3 వెనక్కీ, బేసి వాళ్ళని 5 ముందుకీ పంపి చూడండి. 0, 13, 2, 15, 4, 1, 6 అంటూ పదహారు కుర్చీలూ తిరిగి 0కే వస్తుంది, ఒక్క దారమూ తెగదు. ఈ వరసలో పిల్లల్ని కూర్చోబెడితే 2, 3, 5 కాగితం ప్రత్యక్షం. లాస్లో బాబాయ్ అనే హంగేరియన్ గణితవేత్త 1977లో ఈ విషయాన్నే సూత్రంగా చెప్పాడు, గడియారాలకే కాదు, ఏ గ్రూపుకైనా: ఒక కేలీ గ్రాఫ్‌లో ఆ గ్రూపు ఎన్ని రకాలుగా తిప్పుడై కూర్చున్నా, అవన్నీ గ్రాఫ్ సౌష్ఠవాల ద్వారా ఒకదాని మీదకి ఒకటి వెళ్ళగలిగితేనే, ఆ గ్రాఫ్‌కి కవలలు గ్రూపు చెప్పిన దారిలో మాత్రమే దొరుకుతాయి.

25 తీసుకుంటే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. 25 చుక్కల్ని 5తో భాగిస్తే వచ్చే శేషం ప్రకారం ఐదు పేటలుగా విడగొట్టండి. పక్క పక్క పేటల్లో ఉన్నవాళ్ళందరికీ ఒకరితో ఒకరికి గీత. పేట లోపల మాత్రం 5 దూరానికే గీత. పైనుంచి చూస్తే పేటలన్నీ ఒక పంచభుజి, ఒక్కో పేట లోపలా ఒక పంచభుజి. రెండో గ్రాఫ్‌లో అన్నీ అలాగే ఉంచి పేట లోపల 5కి బదులు 10 దూరానికి గీతలు గీయండి. లోపల నక్షత్రాలొస్తాయి. నక్షత్రమూ పంచభుజీ ఒకటేనని ఇందాకే చూశాం, ఏ పేటలో వాళ్ళు ఆ పేటలో సర్దుకుంటే సరి, రెండు గ్రాఫ్‌లూ ఒకటే. కానీ గుణకం? బయటి పంచభుజి చెడకూడదంటే గుణకాన్ని 5తో భాగించినప్పుడు శేషం 1 గానీ 4 గానీ రావాలి. లోపల 5ని 10 చేయాలంటే అదే శేషం 2 గానీ 3 గానీ కావాలి. ఒక్క సంఖ్య రెండు శేషాలు ఎలా ఇస్తుంది?

అదే 35 అయితే ఈ తగువు రాదు. అక్కడ ఐదు పేటలు, పేటకి ఏడుగురు. బయటికి కావలసిన శేషం 5తో భాగించినప్పటిది, లోపలికి కావలసింది 7తో భాగించినప్పటిది. రెండూ విడివిడిగా ఎంచుకోవచ్చు. 9ని చూడండి, 5తో భాగిస్తే శేషం 4, 7తో భాగిస్తే 2. బయట పంచభుజి చెక్కుచెదరదు, లోపల 5 దూరం 45 అవుతుంది, అంటే 10. పని అయిపోయింది. బయటికీ లోపలికీ ఒకే ప్రధాన సంఖ్య కాపలా కాస్తే చిక్కు, వేర్వేరు ప్రధానాలైతే సుఖం. 25లో 5 రెండుసార్లుంది, 35లో లేదు.

ఈ లెక్కని చివరిదాకా తేల్చింది మిఖాయిల్ ముజిచుక్ అనే గణితవేత్త. 1995, 1997 పత్రాలతో ఆడామ్ ఊహ ఏ గడియారాలకి నిజమో పూర్తి జాబితా ఇచ్చాడు. ఏ ప్రధానమూ రెండుసార్లు రాని బేసి సంఖ్య, దాని రెట్టింపు, దాని నాలుగింతలు క్షేమం. ఇవి కాక 8, 9, 18 మాత్రం తలరాత బాగుండి బయటపడతాయి. 9నే చూడండి. 25లో చేసిన పేటల కిటుకు ఇక్కడ చేద్దామంటే లోపల మిగిలేది ముగ్గురే, ముగ్గురితో గీయగలిగేది ఒక్క త్రిభుజం, దానికి మారువేషం లేదు. గీతలకి బాణాలు పెట్టి దిక్కు ఇస్తే మాత్రం ఈ మూడింటి అదృష్టమూ చెదిరిపోతుంది. 8 గంటల గడియారంలో ముందడుగులు 1, 2, 5 ఒక జాబితా, 1, 5, 6 ఇంకోటి. బాణాలతో సహా గ్రాఫ్‌లు ఒకటే, గుణకం మాత్రం లేదు. బాణాలు లేకుండా 30 లోపు చెడేవి నాలుగే: 16, 24, 25, 27. 24కి జంట నువ్వే వెతికి చూపించమని మావాడికి హోంవర్క్ ఇచ్చాను.

ఇదంతా ఎందుకని అడిగే వాళ్ళకి ఒక మాట. కంప్యూటర్లని ఒకదానితో ఒకటి కలిపేటప్పుడు గడియారం గ్రాఫ్ చాలా చవకైన అమరిక. 1970లలో నడిచిన ఇలియాక్ ఫోర్ అనే యంత్రంలో 64 ప్రాసెసర్లు సరిగ్గా ఇలాగే, 1, 8 దూరాలతో కలిపి ఉండేవి. రెండు వైరింగ్ పథకాలు పైకి వేరుగా కనిపించి లోపల ఒకటే అయితే, ఒకదాని మీద చేసిన పరీక్షలు ఇంకోదానికీ చెల్లుతాయి. నా మటుకు నాకు 16 మంది పిల్లల ఆటే చాలు, ఉపయోగం ఉండి తీరాలని పట్టుదల లేదు.

ఇక గ్రూపులే వేరైనా గ్రాఫ్ ఒకటే కావడం అనే వింత కూడా ఉంది. 6 గంటల గడియారంలో 2, 3 అడుగులతో గ్రాఫ్ గీస్తే రెండు త్రిభుజాలు ఎదురెదురుగా నిలబడి, మూలకి మూల కలిసిన పట్టకం వస్తుంది. సమబాహు త్రిభుజం సౌష్ఠవాల గ్రూపులోనూ అంశాలు ఆరే, కానీ అక్కడ తిప్పి బోర్లించడమూ, బోర్లించి తిప్పడమూ ఒకటి కాదు. ఆ గ్రూపులో ఒక తిప్పుడు, ఒక బోర్లింపు తీసుకుని గ్రాఫ్ గీసినా అదే పట్టకం. తేడా కనిపించాలంటే త్రిభుజాల మీద బాణాలు పెట్టాలి. గడియారంలో రెండు త్రిభుజాలూ ఒకే వైపుకి తిరుగుతాయి, రెండో గ్రూపులో ఎదురెదురుగా తిరుగుతాయి. బాణాలు చెరిపేస్తే గ్రాఫ్‌కి ఆ జ్ఞాపకం పోతుంది.

గ్రూపు నుంచి గ్రాఫ్ చేయడానికి కేలీది ఒక్కటే దారి కాదు. క్రమం మార్చినా ఫలితం మారని జంటలకి మాత్రమే గీత గీస్తే కమ్యూటింగ్ గ్రాఫ్. ఒకటి ఇంకోదాని ఘాతమైతే, అంటే ఆ ఇంకోదాన్నే మళ్ళీ మళ్ళీ చేస్తే వచ్చేదైతే, గీత గీస్తే పవర్ గ్రాఫ్. ఒక్కో గ్రాఫ్ గ్రూపు గురించి ఒక్కో సంగతి గుర్తుపెట్టుకుని మిగతాది మరిచిపోతుంది. చతురస్రం సౌష్ఠవాల గ్రూపులోనూ, క్వాటర్నియన్ గ్రూపులోనూ (1, i, j, k, వాటి రుణాలు, గుణకారం కింద) అంశాలు ఎనిమిదే. రెండింట్లోనూ అందరితో సర్దుకుపోయే అంశాలు ఇద్దరు, మిగతా ఆరుగురు మూడు జంటలుగా విడిపోయి పక్క జంటతో పడకుండా ఉంటారు. కాబట్టి కమ్యూటింగ్ గ్రాఫ్ రెండింటికీ ఒకటే. పవర్ గ్రాఫ్‌ని అడిగితే ఇట్టే పట్టేస్తుంది: అందరితో గీత ఉన్న చుక్కలు క్వాటర్నియన్ గ్రూపులో రెండు, చతురస్రంలో ఒకటే.

పవర్ గ్రాఫ్ మీద కామెరాన్, ఘోష్ అనే ఇద్దరు గణితవేత్తలు 2011లో ఒక గట్టి ఫలితమే చూపించారు. క్రమంతో పేచీ లేని రెండు పరిమిత గ్రూపులకి పవర్ గ్రాఫ్ ఒకటైతే గ్రూపులూ ఒకటే. పేచీ ఉన్న గ్రూపు ఒక్కటి వచ్చి చేరినా ఈ మాట నిలవదు. 27 అంశాలుండి, ఊరుకునే అంశం తప్ప ప్రతిదీ మూడుసార్లు చేస్తే మొదటికొచ్చే గ్రూపులు రెండున్నాయి, ఒకదానిలో క్రమం పట్టింపు లేదు, రెండోదానిలో ఉంది. రెండింటి పవర్ గ్రాఫూ ఒకటే, ఒక్క చుక్క దగ్గర 13 త్రిభుజాలు గుచ్చిన గుత్తి.

మర్నాడు రాత్రి పదకొండు దాటాక మేనల్లుడి వాట్సాప్ మెసేజ్. "24కి దొరికింది మావయ్యా. 1, 2, 11 ఒకటి, 2, 5, 7 ఒకటి. బేసి వాళ్ళని 6 కుర్చీలు జరిపితే చాలు." నేను కాగితం తీసుకుని సరిచూశాను. 1, 11 దూరాలు 7, 5 అయ్యాయి, 2 కదల్లేదు. గుణకంతో 1, 11ని 5, 7 చేయాలంటే 5, 7, 17, 19 తప్ప వేరే దారి లేదు, వాటిలో దేనితో గుణించినా 2 కాస్తా 10 దూరానికి పోతుంది. కింద ఇంకో మెసేజ్: "ఈసారి బజ్జీలు వాడిచేత కొనిపిస్తాను, 32కి జంట అడిగేను."